పెదనాన్న నోటి పొగ

గేటు గొళ్ళెం చప్పుడైతే చాలు, అమ్మ వంటింట్లో గిన్నెలన్నిటి మీదా మూతలు పెట్టేసేది. ఆ వెంటనే దండెం మీది బట్టలు లోపలికి లాగేది. పెదనాన్న పెయింట్ల షాపు నుంచి వస్తున్నాడంటే ఆ ఇంట్లో జరిగే పనులివి. వాన మబ్బు చూసి కిటికీలు వేసుకోవడం లాంటివే.

పెదనాన్న తాను నమ్మని మాట ఏది మాట్లాడినా ఆయన నోట్లోంచి పొగ వచ్చేది. గోధుమరంగు పొగ, మాడిన నూనె కంపు. మామూలు పొగలా గాలికి చెదిరిపోయేది కాదు. తాపీగా సాగి, తగిలినచోటల్లా జిడ్డుగా అతుక్కునేది. ఆయన కుర్చీకి ఎదురుగోడ మీద సున్నం ఎన్నిసార్లు వేసినా మరక పైకి తేలేది.

"ఇవాళ మీ బావగారు బాగా కబుర్లు చెప్పినట్టున్నారే," అనేది పక్కింటావిడ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. అమ్మ నవ్వేసి సబ్బు నీళ్ళ బక్కెట్టు అందుకునేది. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు.

పిడుగు మాత్రం దానికి అలవాటు పడలేకపోయింది. పిడుగు అంటే ఆ ఇంటి పిల్లే. ఒకచోట కుదురుగా కూర్చోదని నాన్న పెట్టిన పేరు. నాన్న పోయాక పేరు మిగిలింది, షాపు పెదనాన్నదైంది, చదువు ఆగింది. టీ మీద తేలే జిడ్డు పొర, తలగడకి అంటిన కంపు, దువ్వెన పళ్ళ మధ్య గోధుమరంగు మడ్డి... ఛీ, బతుకంతా ఎవరో నాకి పెట్టిన పళ్ళెంలా ఉందనిపించేది ఆమెకి.

పొగకన్నా అసహ్యమైంది మరొకటుంది. ఆమె చేసిన రాకెట్టు మొదటిసారి ఇంటెత్తు లేచి, మెలికలు తిరిగి, పక్కసందులో బట్టలారేస్తున్నావిడ నెత్తి మీద పడబోయిన రోజున పెదనాన్న అన్నాడు: "నీ వల్ల కాదే. వదిలెయ్."

నోరు శుభ్రంగా ఉంది. ఒక్క పొగ చార కూడా లేదు. ఆ మాట ఆయన నిజంగానే నమ్మాడు.

రాకెట్టంటే బట్టల తాను లోపలి అట్టగొట్టం. థర్మకోల్ చెక్కి చేసిన ముక్కు, పల్చటి ప్లైవుడ్ రెక్కలు, వాటి మీద షాపులో మిగిలిన తెల్ల పెయింటు, అడుగున స్విచ్చు నొక్కితే అంటుకునే తారాజువ్వ మందు. గాలి దాని మీంచి సాఫీగా జారాలి. ఎక్కడో జారడం లేదు. ఎక్కడో తెలియడం లేదు. ముక్కులో బంకమన్ను కూరి బరువు పెంచింది. రెక్కలు పీకి మళ్ళీ అంటించింది. అయినా ప్రతిసారీ అదే పక్కకి ఒరిగేది.

ఫ్యాన్ల ఫ్యాక్టరీలో టెస్టింగ్ గది చూసే మేడమ్‌ని గేటు దగ్గర ఆపి మరీ, రాకెట్టు ఎందుకు ఒరుగుతోందని అడిగింది పిడుగు. మేడమ్ ఆమె గోళ్ళలోని జిగురు చూసింది.

"ఎక్కడ చదివావు?"

"ఎక్కడా లేదండీ. పుస్తకాలు చూసి..."

"నాకు హెల్పరు కావాలి. సర్టిఫికెట్ అడగను. ఆదివారం మైదానానికి వస్తా, ఒక్కసారి నిటారుగా ఎగరనీ."

అమ్మ ఆ సంగతి బయటపెట్టగానే పెదనాన్న తేల్చేశాడు. "ఎగరకపోతే సోమవారం నుంచి షాపులో గల్లా దగ్గర కూర్చోవాలి. మళ్ళీ ఈ అట్టముక్కలు ఇంట్లో కనపడకూడదు." ఆ మాటకీ పొగ రాలేదు.

గల్లా దగ్గర అంటే రోజంతా ఆయన నోటి ముందు.

గాలి ఎక్కడ జారడం లేదో చూద్దామని, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెకి ఒక పక్క ప్లాస్టిక్ షీటుతో కిటికీ పెట్టి, లోపల రాకెట్టుని ఊచకి గుచ్చి, ఒక చివర టేబుల్ ఫ్యాను బిగించింది. ఫ్యాను గాలే సుడి తిరుగుతోందని తెలియడానికి ఒక పూట పట్టింది. కూల్‌డ్రింక్ స్ట్రాలు గుత్తులుగా కట్టి ఫ్యానుకి అడ్డం పెట్టాక గాలి తిన్నబడింది. కానీ గాలి కంటికి కనపడితే కదా! దోమల చుట్ట వెలిగించింది. ఆ పొగ స్ట్రాలు దాటేలోపే చెదిరిపోయింది.

చెదరని పొగ ఇంట్లో ఒకటే ఉంది. అది తట్టగానే పిడుగు మొహం చేదు నమిలినట్టయింది.

"పెదనాన్నా, ఉక్కగా ఉంది, ఇలా ఫ్యాను వెనక కూర్చోండి." కుర్చీ లాగింది. "షాపు మీరొక్కరే పెట్టారటగా? ఎలా పెట్టారో చెప్పరూ?"

"ఇన్నాళ్ళకి అడగాలనిపించిందా?" పెదనాన్న సర్దుకుని కూర్చున్నాడు. "మీ నాన్న ఒక్క డబ్బా మోసినవాడు కాదమ్మా. అంతా నా చెమటే."

పొగ కట్టలు కట్టలుగా వచ్చింది. ఫ్యాను దాన్ని లోపలికి లాక్కుంది. పెయింటు డబ్బాలు మోసి మోసి కాయలు కాసిన నాన్న భుజం పిడుగుకి తెలుసు. ఆ భుజం మీద కూర్చునే ఆమె ఊరంతా చూసింది. పళ్ళు బిగించుకుని ప్లాస్టిక్ కిటికీకి మొహం ఆనించింది.

"మీ నాన్న వైద్యానికి నేనెంత తిరిగానో నీకేం తెలుసు!"

వంటింట్లో అమ్మ గిన్నె ఎత్తి పడేసింది. పెట్టె లోపల పొగ దారాలు దారాలుగా ముక్కు మీంచి జారుతోంది. జారిజారి, ముక్కూ గొట్టమూ కలిసేచోట ఒకవైపు మాత్రం ఎగిరిపడి ముద్దగా చుట్టుకుపోతోంది. దాని వెనకున్న రెక్కకి జిడ్డే అంటలేదు. గాలే అందనప్పుడు ఆ రెక్క ఉండీ లేనట్టే.

పిడుగు రాకెట్టుని బయటికి తీసింది. జిడ్డుకి వేళ్ళు జారాయి. ఆ అతుకు తడిమింది. వదులుగా ఉన్న ముక్కుని ఆత్రంలో టేపు చుట్టి బిగించింది తనే. టేపంతా ఒకవైపే లావెక్కితే చూసుకోకుండా పైన పెయింటు పూసేసింది. "ఛీ, నా తొందర తగలెయ్య!"

టేపు పీకింది. పల్చటి కాగితం చుట్టూ సమంగా అంటించి, గరుకు కాగితంతో అతుకు వేలికి తగలకుండా అరగదీసింది. మళ్ళీ పెట్టెలో పెట్టి, "ఆ తర్వాత, పెదనాన్నా?" అంది. ఆయన కోతలు కోసినకొద్దీ పొగ ముక్కు నుంచి రెక్కల దాకా దువ్విన జుట్టులా సాగింది. ఏం చూస్తోందోనని ఆయనా కుర్చీలోంచి వంగి, కిటికీలోకి తొంగిచూశాడు. చూసి, షాపు కథ వదిలేసి, పొగ సాగిన దారి వెంట ప్లాస్టిక్ మీద వేలు నడిపాడు. పొగ ఆగిపోయింది.

పిడుగు సబ్బు గుడ్డతో రాకెట్టు తుడిచింది. తన చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది.

ఆదివారం మైదానానికి పెదనాన్న కూడా వచ్చాడు. పిలవలేదు, అయినా ముందే వెళ్ళి మేడమ్ పక్కన నిలబడ్డాడు.

"పెద్దవాణ్ణి చెబుతున్నా, వినండి. పోయినసారి ఇది ఒకావిడ నెత్తి మీద పడబోయింది."

ఆయన నోరు శుభ్రంగానే ఉంది. మేడమ్ పిడుగు వైపు తిరిగింది. "నిజమేనా?"

"నిజమేనండీ."

అవతల పిల్లలు ఆడుకుంటున్నారు. మేడమ్ వాళ్ళని చూసింది, రాకెట్టుని చూసింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఇవాళ్టికి వద్దులేమ్మా."

అక్కడితో ఊరుకుంటే పెదనాన్న మాటే నెగ్గేది. ఆయనకి ఊరుకోవడం చేతకాదు.

"అదే నేనూ అంటున్నా. ఇప్పుడు మాత్రం ఏం బాగుపడిందని? ఇది ఎగరదండీ. మా పిల్ల వల్ల కాదు."

ఈసారి ఆ మాటతోపాటే పొగ వచ్చింది. ఇంట్లో ఎన్నడూ రానంత చిక్కటి పొగ. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి కూడా కారింది. పిల్లగాలికి బద్ధకంగా సాగి, ఊచకి నిలబెట్టిన రాకెట్టుని ముక్కు దగ్గర తాకి, ఒంటి పొడవునా రెక్కల దాకా జారి, అవతలికి పోయింది.

మేడమ్ రుమాలు ముక్కుకి పెట్టుకుంది. బతుకంతా గాలినే చూసిన మనిషి. ఒకసారి పెదనాన్నని చూసింది. పొగ జారిన దారిని మాత్రం చివరికంటా చూసింది. బ్యాగు కింద పెట్టింది.

"పిల్లల్ని దూరం జరగమని చెప్పి, స్విచ్చు నొక్కమ్మా."

పిడుగు నొక్కింది. రాకెట్టు బుస్సుమని లేచింది. ఇంటెత్తు దాటింది. మెలిక పడలేదు, ఒరగలేదు. తల వెనక్కి వాల్చి చూస్తున్న ముగ్గురి మెడలూ నొప్పి పుట్టేంత ఎత్తుకి వెళ్ళి, లోపల మడిచిపెట్టిన ప్లాస్టిక్ గొడుగు విప్పుకుని మెల్లగా దిగింది.

"రేపు పొద్దున్నే వచ్చెయ్," అంది మేడమ్, రుమాలు మడుస్తూ. "జుట్టు గట్టిగా ముడేసుకో. మా ఫ్యాన్లు పెద్దవి."

పెదనాన్న నోరు తెరిచాడు. పిడుగు ఆగి చూసింది. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

రాకెట్టుని చేతుల్లోకి తీసుకుంటే వేలికి జిడ్డు తగిలింది. తెల్ల పెయింటు మీద ముక్కు నుంచి రెక్క దాకా గోధుమరంగు గీత. అతుకు దగ్గర కూడా వంకర పోలేదు. కంపు గుప్పున కొట్టింది. ఛీ అనుకుంటూ వేలిని గడ్డికి రాసింది పిడుగు. గీతని మాత్రం తుడవలేదు.