ఆరేళ్ల అన్నయ్య

ఉత్తర ధ్రువానికి దగ్గరున్న బాఫిన్ దీవిలో సూర్యుడు అస్తమించడం మానేసి పది రోజులైంది. ఊరు ఊరంతా గడ్డకట్టిన సరస్సు మీదికి చేపలకొచ్చి గుడారాలేసుకుంది. మంచుకు కన్నం పొడిచి, గాలం వదిలి, దుప్పితోలు మీద బోర్లా పడుకున్నాడు డెబ్బై నాలుగేళ్ల కుబ్లు. ఒంట్లో నొప్పుల్లేవు, కడుపులో ఆకలుంది, గుడారంలో పెళ్లాం టీ కాస్తోంది. మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఆ ఒక్క ముల్లూ లేకపోతే!

ముప్పై ఏళ్ల కిందట, ఇలాంటి వసంతంలోనే, అన్న ఔలాను అడక్కుండా, అతని మంచుబండికి ముందు నడిచే కుక్కను కుబ్లు తీసుకెళ్లి పలచబడ్డ మంచులో పోగొట్టాడు. పైగా "తాడు తెంపుకుని పారిపోయింది" అని అబద్ధమాడాడు. పాపం, అన్న దానికోసం మూడు రోజులు కొండలన్నీ తిరిగాడు. నిజం తెలియకుండానే పోయాడు.

ఆ తర్వాత ఔలా కూతురికి ఆడపిల్ల పుడితే తాత పేరే పెట్టారు. అక్కడ పేరు వచ్చిందంటే పోయిన మనిషి తిరిగి వచ్చినట్టే. కన్నతల్లి సైతం ఆ పిల్లను నాన్న వరసతోనే పిలుస్తుంది. కుబ్లు మాత్రం ఆరేళ్లుగా ఒక్కసారీ "అన్నయ్యా" అనలేదు. ముఖం చాటేస్తూ తిరిగాడు. సిగ్గుమాలిన పని కాదూ!

"వరస పెట్టి పిలిస్తే అరిగిపోతావటయ్యా?" అని పెళ్లాం నివి దెప్పని రోజు లేదు.

ఇవాళ ఆ పిల్లే వచ్చి పక్కన బోర్లా పడుకుంది.

"ఏరా తమ్ముడూ, పడ్డాయా?"

"ఇంకా లేదు."

"అందరూ నన్ను వరసతో పిలుస్తారు. నువ్వే పిలవవు. నేనంటే కోపమా?"

కోపమట! కుబ్లు ప్రాణం చచ్చిపోయింది.

"కోపం కాదు... భయం అన్నయ్యా." మాట జారాక ఇక ఆగలేదు. "నీ కుక్క పారిపోలేదు. అడక్కుండా తీసుకెళ్లి నేనే మంచులో ముంచేశాను. నీకు అబద్ధం చెప్పాను."

పిల్ల కన్నంలోకి తొంగి చూసింది.

"దానికి చలేసిందా?"

"వేసే ఉంటుంది."

"నువ్వు లాగలేదా?"

"చేతుల తోలు ఊడేదాకా లాగాను."

అతని అరచేతులు తిప్పి పాత మచ్చలు చూసింది.

"సరేలే. ఈసారి అడిగి తీసుకెళ్లు," అంది కసురుతున్నట్టే.

ముసలాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. అన్న కొండల్లో తిరిగిన ఆ మూడు రోజులూ ఎవరూ తిరిగివ్వలేరని అతనికి తెలుసు. అయినా గుండె తేలికపడింది. ఇంతలో గాలం గుంజింది. ఇద్దరూ కలిసి చేపను పైకి లాగారు.

"టీ చల్లారిపోతోంది, రావయ్యా!" గుడారంలోంచి నివి కేకేసింది.

"వస్తున్నాం! చేప తలకాయ మా అన్నయ్యకి!"

లోపల గిన్నెల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.