ఆకు పెడితే రాని మొక్క

ఆకు పెడితే మొక్క వస్తుంది. ఆ సంగతి మా నర్సరీలో నీళ్ళు పట్టేవాళ్ళకి కూడా తెలుసు. ఈ ఒక్క రకానికి మాత్రం ఆకు పెడితే లాభం లేదని నాకొక్కదానికే తెలుసు. నేనేం దాచలేదు. చెప్పబోయాను, వినలేదు. తర్వాత మళ్ళీ చెప్పలేదు, అంతే. అందుకే మా ఇంట్లో నన్ను గడుసుదంటారు. అననివ్వండి.

మాది దళసరి ఆకుల మొక్కల నర్సరీ. కిటికీ గట్టు మీదా ఆఫీసు బల్ల మీదా పెట్టుకుంటారే, గులాబీలా విచ్చుకుని, నీళ్ళు అడగకుండా పడి ఉండేవి, అవి. మామగారు మొదలుపెట్టారు. ఆయన పోయాక బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, ఆఫీసు గదిలో కూర్చున్నారు. మా ఆయన వ్యాన్‌లో కుండీలు దుకాణాలకి చేరవేస్తాడు. నేను పద్దెనిమిదేళ్ళుగా వెనక షెడ్డులో పొడుగు బల్ల దగ్గర నిలబడి మొక్కలు పెంచుతున్నాను. ఇల్లు కూడా నర్సరీని ఆనుకునే ఉంది. కింద బావగారూ అత్తగారూ, మేడ మీద మేమూ.

నాలుగేళ్ళ కిందట ఒకరోజు ఆరువందల పిల్లమొక్కల్లో ఒక్కదానికి ఒక్క ఆకు తేడాగా కనబడింది. అవన్నీ మామగారి పేరు మీద నమోదైన పాత రకం. నీలం కలిసిన బూడిద రంగు ఆకులు, ఎండ తగిలితే అంచు ఎర్రబడుతుంది. ఈ ఆకుకి మాత్రం నడిమధ్యన వెన్నరంగు చార, అంచుకి నేరేడు పండు రంగు. ఆ కుండీ తీసి పక్కన పెట్టాను. ఎవరైనా పెడతారనుకుంటున్నారేమో, పెట్టరు. రోగం తగిలిందని పారేస్తారు.

మొదటేడు నేనూ అందరిలాగే దాని ఆకులు తుంచి ఇసుక మీద పెట్టాను. నలభై పెడితే నలభై పాత రకమే వచ్చాయి. చార ఆకులో ఉంటుంది గానీ ఆ ఆకు మొదట్లో పుట్టే పిల్లకి అందదు. అందుకని తల కోసి చూశాను. మిగిలిన మోడు కణుపుల్లోంచి పిలకలు వచ్చాయి. కొన్ని పాత రంగే. కొన్ని మొత్తం వెన్నరంగు. అవి చూడ్డానికి ముద్దొస్తాయి గానీ, ఒంట్లో పచ్చదనం లేక నెల తిరక్కుండా చస్తాయి. చార సరిగ్గా మధ్యన ఉన్నవే ఉంచి, వాటి తలా కోసి, మళ్ళీ పిలకలకి కాచుకుని, మళ్ళీ ఏరి, అలా నాలుగేళ్ళు గడిచాయి. చివరికి ఐదు తల్లిమొక్కలు కుదురుగా నిలిచాయి.

అవి నిలిచాకే బావగారి కంట పడ్డాయి. మర్నాడే ఎక్కడినుంచో ఫారం తెప్పించారు. కొత్త రకమని నమోదు చేయించుకోవాలంటే అది పాతదానికన్నా ఎందులో వేరో రాయాలి, తనిఖీకి వచ్చేవాళ్ళకి అన్నీ ఒక్కలాగే ఉండే ముప్పై మొక్కలు చూపించాలి.

"అమ్మాయ్, దీని లక్షణాలు చెప్పు, రాసుకుంటాను" అన్నారు.

చెప్పాను. పాతదానికి ఆకు కొన బల్లపరుపు, దీనికి చెంచాలా లోపలికి వంగుతుంది. పాతది నీడలో పెడితే మెడ సాచుకుని పొడుగైపోతుంది, ఇది నీడలోనూ పొట్టిగా ముడుచుకునే ఉంటుంది. పాతదాని పూలకాడ రెండుగా చీలుతుంది, దీనిది ఒంటికాడ. చార ఆకు మొదట్లో వేలెడు వెడల్పు కూడా ఉండదు, గోరంత, కానీ కొనదాకా తెగకుండా నడుస్తుంది. ఆకు మీద తెల్లపొడి పాతదానికన్నా మందం. ఆయన పేజీన్నర రాసుకున్నారు. అందులో ఒక్క ముక్క కూడా ఆయన కళ్ళతో చూసింది కాదు.

ఫారం చివర రెండు గళ్ళున్నాయి. ఒకటి యజమాని. రెండోది రకాన్ని పుట్టించినవారు. రెండిట్లోనూ బావగారి పేరే ఉంది.

"బావగారూ, ఆ రెండో గడిలో నా పేరుండాలి కదా."

"ఒకే ఇల్లు. ఎవరి పేరైతే ఏమిటమ్మా?"

"అలాగైతే నా పేరే రాయండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సమాధానం లేనప్పుడు ఆయన చేసే పని అదే. "ట్రే ఎవరిది? షెడ్డెవరిది? నువ్వు బల్ల దగ్గర నిలబడ్డావు, కాదనను. పనిచేసినవాళ్ళ పేర్లన్నీ రాస్తూ పోతే వ్యాన్ పేరు కూడా రాయాలి."

ఒళ్ళు మండిపోయింది. "నేను పని గురించి అడగట్లేదు. ఆరువందల్లో ఆ ఆకు మీకు కనిపించిందా?"

"గొంతు తగ్గించు" అన్నారు. నేను తగ్గించలేదు. ఆయనే ఫారం మడిచి సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు.

రెండ్రోజుల తర్వాత నేను షెడ్డుకి వెళ్ళేసరికి బావగారు నా బల్ల దగ్గర కూర్చుని ఐదు తల్లిమొక్కల ఆకులూ ఒక్కొక్కటే తిప్పి తుంచుతున్నారు. పక్కన ఇసుక ట్రేలు వరసగా పెట్టుకున్నారు.

"బావగారూ, దానికి ఆకు..."

"ఆకు పెట్టడం నాకు నేర్పుతావా? నువ్వీ ఇంట్లో అడుగుపెట్టకముందు నుంచీ పెడుతున్నాను."

నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. నాలుగేళ్ళు సాకిన మొక్కల్ని కోడి ఈకలు పీకినట్టు పీకేశారు. ఆకులన్నీ అయ్యాక ఆ ఐదు మోడుల్నీ ఆయన గుమ్మంలోంచే చెత్తకుప్ప మీదికి విసిరేశారు. వెనక గుమ్మంలో పీట మీద అత్తగారు కుండీల అడుక్కి వేసే గులకరాళ్ళు ఏరుతూ కూర్చున్నారు. ఆవిడ ఎదురుగానే నేను వెళ్ళి ఐదూ ఏరుకుని కొంగులో వేసుకున్నాను. ఆవిడ తలెత్తి చూసి, మళ్ళీ రాళ్ళలో పడ్డారు.

మేడ మీద బట్టలారేసుకునే చోట, కోసిన నూనె డబ్బాల్లో మోడులు నాటాను. మా ఆయన చూసి, "అన్నయ్యతో తగువెందుకే" అన్నాడు. అంటూనే కొబ్బరిపొట్టు బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కి తెచ్చిపెట్టాడు. ఆయన అంతే. నోరు అటు, చేతులు ఇటు.

ఎనిమిది నెలలు గడిచాయి. కింద బావగారి ట్రేల్లో అరవై మొక్కలు నవనవలాడుతూ లేచాయి. ఒక్కదానికీ చార లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మొదట ఎండది తప్పన్నారు. ట్రేలు నీడలోకి మార్చారు. తర్వాత ఎరువుది తప్పన్నారు. చివరికి, "నువ్వు వాటికేమైనా చేశావా?" అని నన్నడిగారు.

"నేను ముట్టుకుంటే చార వచ్చేది" అన్నాను.

తనిఖీకి వారం ఉందనగా ఆయన మేడెక్కి వచ్చారు. నూనె డబ్బాల్లో ముప్పై నాలుగు మొక్కలు, అన్నిటికీ గీత గీసినట్టు నడిమధ్యన చార. ఆయన ఒక్కో డబ్బా లెక్కపెట్టుకున్నారు.

"ఇవి కిందికి దింపించు" అన్నారు.

"దింపిస్తాను. రెండో గడిలో పేరు దిద్దండి. యజమానిగా మీరే ఉండండి, నాకక్కర్లేదు."

"మా నాన్న నర్సరీ నుంచి ఆడవాళ్ళ పేరు మీద మొక్క బయటికి పోలేదు."

"ఇప్పుడు పోతుంది."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా, ఆయన దిగి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం అత్తగారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "పిల్లా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా, చిరిగేది ఆకే. వదిలేయ్."

"ఇక్కడ ఆకులన్నీ చింపుకుని కూర్చుంది ఆయనేనత్తయ్యా" అన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది గానీ పెదవులు బిగించుకున్నారు.

తనిఖీకి వచ్చినావిడ పొట్టిగా, చురుగ్గా ఉంది. చేతిలో స్కేలు, రంగులు ముద్రించిన అట్ట ఉన్నాయి. షెడ్డులో బావగారి అరవై మొక్కల ముందు వంగి, పక్కన పాత రకం కుండీ పెట్టి, ఒక్కో ఆకునీ అట్టతో పోల్చింది.

"తేడా ఏమిటండీ?"

"చలి తగిలితే చార వస్తుంది" అన్నారు బావగారు.

"దరఖాస్తులో అలా లేదే. ఇది పాతదే. తేడా లేదని రాస్తున్నాను. ఒకసారి రాశాక ఈ రకం మీద మళ్ళీ ఎవరూ అడగడానికి ఉండదు, తెలుసుగా?"

ఆయన మునిగితే మునగనీ అనుకునే నేను ఆ పొద్దున షెడ్డులోకి వచ్చాను. కానీ ఆ మాటతో లెక్క మారింది. ఆయన అబద్ధంతో పాటు నా మొక్క కూడా లేనిదైపోతుంది. ఆవిడ కలం విప్పుతుంటే, "మేడం, ఒక్క పది నిమిషాలు" అని చెప్పి మెట్లెక్కాను. మూడు విడతలుగా మొక్కలన్నీ కిందికి దించి బల్ల మీద పేర్చాను.

"దరఖాస్తులో రాసింది వీటి గురించి. ఆ అరవై వేరు" అన్నాను.

ఆవిడ అరగంట సేపు కొలిచింది. పూలకాడ చూసింది, ఆకు కొన చూసింది, కుండీ తిప్పి తిప్పి చార చూసింది. "ముప్పై నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. ఎలా పెంచారో ఒకదానికి చేసి చూపించండి" అని బావగారి వైపు తిరిగింది, దరఖాస్తులో ఉన్న పేరు ఆయనదే కాబట్టి.

బావగారు ముందుకొచ్చారు. ముప్పై ఏళ్ళ అలవాటు. బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే అడుగు ఆకుని పట్టి మెలితిప్పాయి. ఆకు తెగి చేతిలోకొచ్చింది.

ఆవిడ ఆ ఆకుని చూసింది. తర్వాత చార లేని అరవై మొక్కల్ని చూసింది. "అవి కూడా ఇలాగే పెంచారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

నేను కుట్టుదారం తీశాను. బ్లేడు పెడితే ఆకు మీద పొడి గీరుకుపోతుంది, అందుకని ఆకుల సందులోంచి దారం చుట్టి, రెండు కొసలూ పట్టి లాగుతాను. తల తెగి అరచేతిలో కూర్చుంది. మోడు చూపించాను, కణుపులు చూపించాను, ఏ పిలక ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పాను. ఆవిడ రాసుకుంది.

"పుట్టించినవారి గడి తప్పుగా ఉంది" అంది బావగారితో. "దిద్దండి. లేకపోతే దరఖాస్తు రద్దు."

దిద్దుతారనే అనుకున్నాను. ఆయన, "రద్దు చేసేయండి" అన్నారు. "ఆ గడిలో దీని పేరు రాసేకంటే నాకీ మొక్క లేదనుకుంటాను."

అంత మాట అంటారని నేను కలలో కూడా అనుకోలేదు. ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది, కోపమే గెలిచింది. "మేడం, నాకో కొత్త ఫారం ఇవ్వండి."

"మొక్కలు నర్సరీవైతే మీకివ్వడం కుదరదమ్మా."

"నర్సరీవి కావు. ఈయన చెత్తలో పారేసిన మోడుల నుంచి పెంచినవి."

"అబద్ధం" అన్నారు బావగారు. "షెడ్డులోంచి ఎత్తుకుపోయింది."

దొంగని చేశారు నన్ను. సాక్ష్యం చెప్పడానికి చెత్తకుప్పకి నోరు లేదు. ఆవిడ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూస్తూ కలం మూత పెట్టబోయింది.

"పారేశాడు." వెనక గుమ్మంలోంచి అత్తగారు అన్నారు. లేచి నిలబడ్డారు కూడా. "నా కళ్ళముందే పారేశాడు. అది ఏరుకుంది. ఐదు మోడులు. లెక్క కూడా చెప్తాను."

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఊరుకునే ఉన్నానురా ఇన్నాళ్ళూ."

తనిఖీకి వచ్చినావిడ సంచిలోంచి కొత్త ఫారం తీసి బల్ల మీద మట్టి దులిపి పరిచింది.

"మీ పూర్తి పేరు చెప్పండి."

ఆ షెడ్డులో ఎవరూ ఎప్పుడూ నన్నడగని ప్రశ్న అది. అమ్మాయ్, పిల్లా, చిన్నకోడలు, వీటితోనే పద్దెనిమిదేళ్ళు గడిచిపోయాయి. చెప్పాను. రెండోసారి అక్షరం అక్షరం విడదీసి చెప్పాను, తప్పు రాయకుండా.

"ఇంటిపేరు?"

బావగారు అప్పుడు తలెత్తారు. అది నర్సరీ బోర్డు మీద ఉన్న పేరు, మామగారి మొక్క మీద ఉన్న పేరు. నేను చెప్తాననే ఆయన ఎదురుచూస్తున్నారు. ఆ ఒక్క ముక్కయినా దక్కుతుందనుకున్నారు.

"వద్దు. నా పేరొక్కటే రాయండి."

"ఖాళీగా వదిలేస్తే పై ఆఫీసులో ఎందుకని అడుగుతారు."

"అడగనివ్వండి. నేనే వచ్చి చెప్తాను."

ఆవిడ ఆ గడిలో అడ్డంగా గీత గీసి ఫారం నా వైపు తిప్పింది. సంతకం పెట్టాను.