చెట్టు కొసన మరచెంబు

నేను ఒక మరచెంబుని. ఇత్తడి చెంబులు మీ ఇళ్ళలోనూ ఉంటాయి, కాదనను. కానీ మూత బిగించాక తలకిందులుగా వేలాడదీసినా ఒక్క చుక్క జారనివ్వని చెంబు ఈ భూమండలం మీద నేనొక్కదాన్నే. యాభై ఏళ్ళ నా జీవితంలో తడి అన్నది లోపలే గాని బయట ఎరగను.

బుడితిలో ఒక కంచరి నన్ను చేశాడు. మూడు రోజులు కూర్చుని నా మెడకి మర తిప్పి, "పో, నీకు కాళ్ళు లేవు గాని నువ్వు తిరగని చోటుండదు" అన్నాడు. ఆయన ఆ మాట ప్రతి చెంబుతోనూ అనేవాడని పక్క చెంబులు గుసగుసలాడేవి. ఏడుపుగొట్టు చెంబులు. నేను పట్టించుకోలేదు.

నన్ను కొన్నావిడ నర్సీపట్నం దగ్గర ఒక నాయనమ్మ. నన్ను చంకన పెట్టుకుని కాశీ వెళ్ళొచ్చింది. వచ్చాక, "కాశీ చూసిన చెంబుతో మామూలు నీళ్ళు తాగుతారటే!" అని అటక ఎక్కించింది. మనుషుల గౌరవం అంతే. మరీ ఎక్కువైతే అటక మీద పెడతారు. పద్దెనిమిదేళ్ళు ఎలకల సంసారాలు చూస్తూ గడిపాను.

ఆవిడ మనవడు సన్యాసినాయుడికి బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చిన రోజున నన్ను దించాడు. అప్పటినుంచీ ముప్పై ఒక్క ఏళ్ళు చింతపల్లి ఘాట్ రోడ్డు మీద అతని సీటు కింద నేను. లోకాన్నంతా ఎక్కించుకుని, టిక్కెట్లు కొట్టి, ఎవరి ఊళ్ళో వాళ్ళని దించి, తాను మాత్రం సాయంత్రానికి బయల్దేరిన చోటికే వచ్చేవాడు పాపం.

ఒకనాడు ఘాట్ మధ్యలో బస్సు ఆగిపోయింది. వీపు మీద పెద్ద సంచీతో ఒక విదేశీ పిల్ల ఎండకి సొమ్మసిల్లి రాయి మీద కూలబడింది. పేరు ఇలియానా, దేశం రుమేనియా. నాయుడు నా మూత విప్పి నీళ్ళు పట్టించాడు, ఇంటికి తీసుకెళ్ళాడు. అతని భార్య పైడితల్లి కోడికూరతో అన్నం పెట్టి, రెండు రోజులు కదలనివ్వలేదు. వెళ్తూ ఆ పిల్ల టిక్కెట్టు వెనక ఊరి పేరు రాసిచ్చి, "మా ఊరు తప్పకుండా రండి" అంది. అలా అందరూ అంటారు. ఎవరూ వెళ్ళరు. లోకం సాఫీగా నడుస్తోందంటే అందుకే.

నాయుడు రిటైరవుతూనే ఆ టిక్కెట్టు బయటికి తీశాడు.

"ఏటీ, పాడేరు సంతలో దారి తప్పినోడివి, దేశాలంట ఎల్తావా?" అంది పైడితల్లి. "ఆ పిల్ల మరేదకన్నాది. మరేదకన్న మాటకి ఇమానం ఎక్కుతారేటి ఎవులైనా?"

"అన్నాది గదా! నాను ఎల్లకపోతే ఆ పిల్ల ఉత్తినే అన్నట్టవ్వదేటి? నువ్వూ రాయే."

"నానొస్తే గేదికి పాలెవులు తీస్తారు? ఎల్లు, ఎల్లి పడిశెం తెచ్చుకో."

అలా బయల్దేరాం. విమానాశ్రయంలో నా మూత మూడుసార్లు విప్పి లోపలికి తొంగిచూశారు. గంగనీళ్ళు మోసిన కడుపు, అందులో వాళ్ళకి ఏం దొరుకుతుంది?

రుమేనియాలో దిగాక ఉత్తరాన మరమురేష్ అనే కొండసీమకి రైలెక్కాం. పెట్టెలో ఎదురుగా తలగుడ్డ కట్టుకున్న ఒక ముసలమ్మ. రైలు కదలగానే మూట విప్పి, రొట్టె, జున్ను, పచ్చి ఉల్లిపాయ నాయుడి చేతిలో పెట్టేసింది. కావాలా అని అడగలేదు. మనవాడు చేగోడీల పొట్లం విప్పాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా రెండో స్టేషను వచ్చేసరికి ఆవిడకి మనవలెందరో నాయుడికి, గేదె ఎన్ని పాలిస్తుందో ఆవిడకి తెలిసిపోయింది. టిక్కెట్లు చూడ్డానికొచ్చిన కండక్టరుకి నాయుడు తన పాత కండక్టరు బిళ్ళ చూపించాడు. అంతే, అతను పక్కనే చతికిలబడి చేగోడీలు నమలడం మొదలుపెట్టాడు. మిగతా పెట్టెల్లో ఆ రోజు ఎవరు టిక్కెట్టు కొన్నారో, ఎవరు కొనలేదో ఆ దేవుడికే ఎరుక.

అప్పుడు ముసలమ్మ ఒక్కసారి లేచి నిలబడింది. పావడా అంతా తడి. అందరూ ఆవిడ పక్కన పెట్టిన నా వంక చూశారు.

సరే, ఇప్పుడు దాచేదేముంది! ఘాట్ రోడ్డు కుదుపులకి నా మర ఎప్పుడో అరిగింది. ముప్పై ఏళ్ళుగా నాయుడి సంచీ అడుగు ఆరిన పాపాన పోలేదు. చుక్క జారదని మొదట చెప్పింది నా యవ్వనం సంగతి అనుకోండి. ముసలమ్మ పడీపడీ నవ్వింది. తను అల్లుతున్న ఉన్ని దారం తెంపి నా మెడకి నాలుగు చుట్లు చుట్టి మూత బిగించింది. ఆవిడ పేరైనా అడగలేదు మేము. ఆ దారం ఇంకా నా మెడలో ఉంది. తల్లీ, ఎక్కడున్నా చల్లగా ఉండు.

ఊళ్ళో ఇలియానా ఎదురొచ్చింది. తనకి పెళ్ళై పట్నంలో కాపురం. మా కోసమని పుట్టింటికి వచ్చింది. వాళ్ళమ్మ పరస్కివా పదకొండేళ్ళ కిందట భర్తని పోగొట్టుకున్న మనిషి. అరవై దాటినా కొడవలి పడితే పచ్చికబీడు వణకాల్సిందే. పళ్ళెం ఖాళీ అయితే వడ్డిస్తుంది. చాలమ్మా అని నాయుడు చెయ్యి అడ్డం పెడితే, చెయ్యి ఎత్తి పక్కన పెట్టి వడ్డిస్తుంది.

"మా ఆడది ఇక్కడికెప్పుడొచ్చిందిరా నాయనా!" అనుకున్నాడు నాయుడు.

పక్క ఇంటాయన గ్రిగోరే. పెళ్ళి చేసుకోలేదు. తొమ్మిది వేసవులుగా పరస్కివా బీళ్ళలో గడ్డి కోసి, మోపులు కట్టి, కుప్ప వేసి పెడుతున్నాడు. మధ్యాహ్నం ఆవిడ పెట్టిన పులుసు తాగి, "పులుసు బాగుంది" అని వెళ్ళిపోతాడు.

"ఆ మాట చెప్పడానికి కాదు ఆయన వచ్చేది," అంది ఇలియానా నాయుడితో, వచ్చీరాని ఇంగ్లీషు మాటలు పేర్చి. "ఏటా అమ్మని పెళ్ళికి అడగాలనే వస్తాడు. పులుసు దగ్గర ఆగిపోతాడు. ఇప్పుడు ఆవులమ్మేశాడు. ఈ గడ్డి కోతవగానే దక్షిణాన చెల్లెలింటికి పోతాడట, తిరిగి రాడట."

"మరి మీయమ్మకి?"

"అమ్మ ఈ వారం మూడుసార్లు పులుసు మాడబెట్టింది. జన్మలో మాడబెట్టి ఎరగదు."

శనివారం గ్రిగోరే అతిథిని చూడ్డానికి సీసాతో వచ్చాడు. ప్లమ్ పళ్ళతో ఇంట్లో కాచిన సారా. నాయుడు దండం పెట్టి వద్దన్నాడు. గ్రిగోరే ముఖం ముడుచుకుపోయింది. అతిథి కాదంటే అక్కడ ఇంటికే చిన్నతనం. పరస్కివా తగువు తీర్చేసింది. నా మూత విప్పి నాయుడి వాటా నాలో ఒంపేసింది, దారిలో తాగుతాడులే అని. గంగ మోసిన కడుపులో సారా! అబద్ధమెందుకు, అదీ బాగానే ఉంది.

మర్నాడు ఆదివారం. అందరూ చర్చికి పోయారు. నాయుడు ఆ సారాని పెరట్లో ప్లమ్ చెట్టు మొదట్లోనే పోసి, చింతపండు లేదు గనక బూడిదా, పచ్చి ప్లమ్ కాయలూ వేసి నన్ను తోమాడు. పెళ్ళికొడుకులా మెరిశాను. ఇక ఆరబెట్టాలి. గేటు పక్కన ఆకుల్లేని చెట్టొకటుంది. కొమ్మలు పొట్టిగా నరికి, వాటికి ఎర్రవీ నీలివీ గిన్నెలు బోర్లించారు. వాటిని తుడవడానికి వేసిన నిచ్చెన ఇంకా అక్కడే ఆనించి ఉంది.

'ఓహో, గిన్నెల స్టాండన్నమాట' అనుకున్నాడు నాయుడు. కొసకొమ్మ ఖాళీగా ఉంది. ఎండ బాగా తగులుతుందని నన్ను అక్కడ బోర్లించాడు.

ఆ సీమలో గిన్నెల చెట్టు ఇంటి కలిమి చెబుతుంది. కొసకొమ్మ మాత్రం వేరు. అక్కడ గిన్నె పెట్టారంటే, ఈ ఇంట్లో పెళ్ళికి మనిషి ఉంది, అడగవచ్చు అని ఊరికి చాటినట్టు. ఇలియానా పెళ్ళైన నాడు ఆ ఇంటి కొసగిన్నె దించేశారు. ఇప్పుడక్కడ నేను, సూర్యుడిలా.

చర్చి విడిచింది. గేటు ముందు బల్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు చేరారు.

"ఏమ్మా పరస్కివా, ఇంట్లో పెళ్ళికూతురుందని మాట మాత్రం చెప్పలేదే?"

"చెప్పడమెందుకే, మామూలు గిన్నె కూడా కాదు, బంగారుది పెట్టింది!"

"ఏ వయసు పిల్లోడు కావాలమ్మా? పళ్ళుండాలా, అక్కర్లేదా?"

పరస్కివా పైకి చూసింది. చెవులదాకా ఎర్రబడింది. ఇలియానా నవ్వాపుకోలేక నాయుడికి సంగతి చెప్పింది. అతను నెత్తి కొట్టుకున్నాడు.

"అమ్మయ్యో, ఎంత పని సేసినాను! తీసెత్తాను, ఇప్పుడే తీసెత్తాను!" అని నిచ్చెన ఎక్కబోయాడు.

గేటు దగ్గర గ్రిగోరే నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, నెత్తిన ఆ సీమ మగవాళ్ళు పెట్టుకునే కొబ్బరిచిప్పంత టోపీ. పొద్దున అందరికన్నా ఆలస్యంగా చర్చికి పోతూ నన్ను చూసి, సగం దారిలో వెనక్కి తిరిగి, అప్పటినుంచీ ఆ చొక్కా మూడుసార్లు విప్పి తొడిగాడట. ఈసారి సీసా తేలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

"పొరపాటటోయ్ గ్రిగోరే!" అంది బల్ల మీదావిడ. "అతిథి చెంబు ఆరబెట్టుకున్నాడట!"

గ్రిగోరే టోపీ తీశాడు. వెళ్ళిపోతాడనే అనుకున్నాను.

"పొరపాటైతే పోతాను పరస్కివా," అన్నాడు. "కానీ తొమ్మిదేళ్ళూ నేను పులుసు కోసం రాలేదు."

బల్ల మీద ముగ్గురూ నోళ్ళు మూశారు. ఆ ఊళ్ళో అది కోడి గుర్రాన్ని ఈనినంత వింత. నాయుడు మూడో మెట్టు మీద, నా మీద చెయ్యి వేయబోతూ అలాగే ఉండిపోయాడు.

పరస్కివా అతని వైపు తిరిగి, "దిగవయ్యా," అంది. "దాన్ని అలాగే ఉండనీ. అదింకా ఆరలేదు."

ప్లమ్ పళ్ళు కోసిన నెలలో పెళ్ళైంది. నాయుడు అంతదాకా ఉండలేదు. గడ్డి కోత అవగానే బయల్దేరాడు. నన్ను వాళ్ళకే ఇచ్చేశాడు. ఫోనులో పైడితల్లి, "సెంబేదీ?" అంటే, "పెళ్ళోరికిచ్చేసినాను. నీకు మూట నిండా జున్ను తెస్తన్నాను, అరవకు" అన్నాడు.

ఆచారం ప్రకారం పెళ్ళవగానే నన్ను చెట్టు దించారు. దించి అటకెక్కించలేదు, అదే నేను జన్మజన్మలకీ మరిచిపోలేని మేలు. రోజూ పచ్చికబీటికి నీళ్ళు మోస్తున్నాను. కొంచెం కారుతాను. ఇద్దరూ నవ్వుకుంటారు. దారిన పోయేవాడు ఎవడైనా సరే, ఏ దేశం వాడైనా సరే, ముందు నా నీళ్ళు తాగాలి, తర్వాత రొట్టె తినాలి, ఆ తర్వాతే పేరు చెప్పాలి. వీళ్ళ దేశం చూడాలనుకుంటే మీరూ రండి. మర్యాదకి అంటున్నాననుకోకండి.

ఇన్ని చెప్పాక ఒకటి ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి. 'అదింకా ఆరలేదు' అన్న మాట నేను కల్పించింది. అంత చక్కటి మాట ఎవరికైనా ఆ క్షణాన తడుతుందా? పరస్కివా చేసింది వేరు. నాయుడి చెయ్యి పట్టుకుని కిందికి దించింది. నిచ్చెన భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా, తీసుకెళ్ళి గడ్డికొట్టంలో పెట్టి తలుపు వేసింది.