నెలలు నిండేదాకా నోరెత్తొద్దు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది చలికాలంలో, ఎనిమిదో నెలలోనే నాకు కాన్పయింది. ఆడపిల్ల. దూదిలో చుట్టి చాటలో పడుకోబెట్టారు. ఏడవదు, కళ్ళు తెరవదు, రొమ్ము నోట్లో పెడితే చప్పరించదు.

మా అత్త వెంగమ్మ మంచం పక్కన చతికిలబడి చెప్పింది. "నెలలు నిండేదాకా బిడ్డతో మాట్లాడబాకు. పలకరిస్తే ఊ అంటాది. ఊ అన్నదంటే మనకు దక్కదు."

వాళ్ళ వైపు అదే ఆచారమట. ఉదయగిరి సంతలో చింతపండు అమ్మేదాన్ని నేను. నేను అరిస్తే అంత దూరాన సీతారామపురంలో పడుకున్నవాళ్ళు లేస్తారని ఎగతాళి చేసేవాళ్ళు. అలాంటిదాన్ని నోరు కుట్టేసుకున్నాను. బిడ్డ బతకాలి కదా!

ఉదయగిరి నుంచి నర్సు రాహేలమ్మ రోజూ వచ్చేది. నేను పాలు పిండి ఇస్తే ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కా పోసేది. ఆమెకి పిల్లల్లేరు. వచ్చీ రాగానే చాట మీదికి వంగి, "ఏమ్మే చిట్టీ, నిద్దరపోయినావా?" అని గుసగుసలు. అత్త కసురుకున్నా వినేది కాదు. నాకు ఒళ్ళు మండేది. కన్నతల్లి నోరు మూసుకుని చస్తుంటే ఈమెకేం పుట్టింది?

ఒకరోజు ఆమె మాటకి బిడ్డ కనురెప్ప కదిలింది. నా కళ్ళారా చూశాను. అంతే, అనుమానం పట్టుకుంది. పాలల్లో ఏదో మందు కలుపుతోంది, నా బిడ్డని తనవైపు తిప్పుకుంటోంది. ఆమె పెరట్లోకి పోయినప్పుడు సంచి వెతికాను. దూది, ఆముదం సీసా, అంతే. అయినా నమ్మలేదు. ఏ దొంగయినా మందు సంచిలో పెట్టుకుని తిరుగుతుందా?

తర్వాత బిడ్డ పాలు మింగడం కూడా మానేసింది. పోసినవన్నీ పెదవుల పక్కనుంచి కారిపోతున్నాయి. రాహేలమ్మ మొహం చిన్నబోయింది.

"ఇట్లయితే కష్టం, మాలకొండా. నాతో పంపించు. రేత్రీ పగలూ నేనే చూసుకుంటా."

అదిగో, బయటపడింది! చాటలోంచి బిడ్డని లాక్కుని రొమ్ముకి అదుముకున్నాను.

"ఏందీ, పంపించేదా? కన్నది నేను, పెంచుకునేది నువ్వా? బిడ్డ కావాలంటే కనుక్కో పో! నా కొంపలోకొచ్చి నా బిడ్డకే మందు పెడతావా?"

"నోరు ముయ్యవే, బిడ్డ వింటాది!" అని అత్త గుండెలు బాదుకుంది.

బిడ్డ కదిలింది. కళ్ళు తెరిచింది. మొహం నావైపు తిప్పి, నోటితో దేనికోసమో వెతుక్కుంది. హడలిపోయి నేను నోరు మూశాను. ఆ కళ్ళు మళ్ళీ వాలిపోయాయి.

"ఆపబాకు!" అంది రాహేలమ్మ. "కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ విన్నది నీ గొంతేనమ్మే. తిట్టు నన్ను!"

"వద్దే!" అంది అత్త.

నేను ఇద్దర్నీ నమ్మలేదు. బిడ్డ నోరు ఒక్కటే నమ్మాను. రొమ్ము అందించి మళ్ళీ లంకించుకున్నాను. "దొంగదానా! మాయలమారీ! నీ సంచి తగలెయ్య!"

చిన్న నోరు బిగిసింది. ఒకసారి చప్పరించింది. మళ్ళీ చప్పరించింది. నా కళ్ళ నీళ్ళు దాని దూది మీద పడుతున్నాయి. నోటికొచ్చిన తిట్లన్నీ అయిపోయాయి. రాహేలమ్మ కూడా ఏడుస్తూ, "ఇంకా, ఇంకా" అంటోంది.



"రేపు కూడా రా!" అని అరిచాను. "రాకపోయినావంటే కాళ్ళిరగ్గొడతా!"

బిడ్డ గుటక వేసింది.