లెక్కలో లేని గోదావరి

నేను ఒక యాంటెన్నాను. పొడవాటి అల్యూమినియం గొట్టం, దానికి అడ్డంగా అడుగేసి పొడవున పది పుల్లలు, అంతే నా ఒళ్ళు. చేప తిన్నాక పళ్ళెంలో మిగిలిన ముల్లులా ఉంటానని చూసినవాళ్ళంతా అన్నారు. అననివ్వండి. ఆ ముల్లు మోసిన మాట వల్ల ఒడ్డెక్కి బతికినవాళ్ళు కూడా అలా అన్నవాళ్ళలో ఉన్నారు.

నేను పుట్టింది హైదరాబాదు బాలానగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. నా పుల్లల్లో ఒకటి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, పొడుగైందని మేస్త్రీ రెండుసార్లు ఆకురాయి పట్టాడు. మాటను నలుదిక్కులా చల్లెయ్యకుండా ఒక్క దిక్కుకే పంపాలంటే, ఆ దిక్కు నుంచి వచ్చేదాన్నే పట్టుకోవాలంటే, నా కొలతలు తప్పకూడదట. అంత శ్రద్ధగా చేశారు కదా అని నాకు కాస్త పొగరు కూడా వచ్చింది. దాచడమెందుకు?

నన్ను కొన్నది వరద కబుర్లు చేరవేసే ఒక ప్రభుత్వ శాఖ. లారీలో గోదావరి ఒడ్డుకు తెచ్చి, గేజి గది పక్కన ఎనభై అడుగుల ఇనుప స్తంభం కొసన బిగించారు. గేజి అంటే గట్టున అడుగులు, అంగుళాలు రాసి పాతిన కొలబద్ద. నీళ్ళు ఎన్ని అడుగులకొచ్చాయో గంటగంటకూ చూసి, రిజిస్టరులో రాసి, వైర్‌లెస్ సెట్టులో చెప్పడం గుత్తుల సింహాచలం ఉద్యోగం. ఇరవై నాలుగు కిలోమీటర్ల అవతల, కొండ మీది కంట్రోల్ రూములో ఆ మాట వినేది ఖాసిం. నీళ్ళు ముప్పై అడుగులకొస్తే ఏటి మధ్యనున్న లంకలోకి వరద దూరుతుంది. ఆ అంకె చెవిన పడగానే ఖాసిం రేవుకు చెప్పి లాంచీలు పంపించాలి. లంకలో రెండువందల గడప. టెలిఫోను తీగలున్నాయి గానీ మొదటి గాలివానకే అవి నేల మీదుంటాయి. కాబట్టి ఆ రెండువందల ఇళ్ళ ప్రాణాలూ నా పుల్లల మీదుగా వెళ్ళే ఒక్క అంకె మీద ఆధారపడ్డాయి.

నా లెక్క కట్టింది అరుంధతి అనే జూనియర్ ఇంజనీరు. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, లెక్కంటే ప్రాణం. ఆ లెక్క వినడానికి సులువే. ఇక్కడ పంపే బలాన్ని తీసుకుని, పంపే యాంటెన్నా ఎంత సూటిగా పంపుతుందో, అందుకునేది ఎంత బాగా పట్టుకుంటుందో ఆ రెండింటితో హెచ్చించాలి. అల పొడవుతోనూ రెండుసార్లు హెచ్చించాలి. దూరంతో మాత్రం రెండుసార్లు భాగించాలి. దూరం రెట్టింపైతే అందేది నాలుగో వంతే. అలా తరిగి తరిగి కొండకు చేరేది కోటానుకోట్ల వంతుల్లో ఒక వంతు. అయినా అది ఖాసిం సెట్టుకు కావలసినదానికి ముప్పై రెట్లని తేలింది. అరుంధతి ఆ ముప్పై కింద రెండు గీతలు గీసింది. మే నెలలో పరీక్ష చేశారు. నా ఎదుట ఇసుక తిన్నెలు, వాటి నడుమ సన్నటి పాయ. ఖాసిం గొంతు పక్కగదిలోంచి పిలిచినట్టు వచ్చింది.

ఆగస్టులో మొదటి వరద వచ్చింది. ఇరవై నాలుగు అడుగుల దగ్గర ఖాసిం బాగానే పలికాడు. ఇరవై ఏడుకు గొంతు సన్నబడింది. ఇరవై ఎనిమిది దాటాక ఇక గరగర తప్ప ఏమీ లేదు. సింహాచలం గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. ముప్పై అడుగులన్న అంకె కొండకు చేరలేదు. లాంచీలు ఆలస్యంగా వచ్చాయి. జనం కొబ్బరిచెట్లెక్కి బతికారు, పదకొండు గేదెలు కొట్టుకుపోయాయి. మర్నాడు నీళ్ళు దిగాక ఖాసిం మళ్ళీ శుభ్రంగా పలికాడు.

విచారణకు పెద్ద ఇంజనీరు గారు జీపులో వచ్చారు.

"నీళ్ళెక్కుతుంటే ఖాసిం గారి గొంతు పోద్దండి. దిగుతుంటే మళ్ళీ వచ్చేద్దండి, ఆయ్," అన్నాడు సింహాచలం.

"గోదారొచ్చి నీ సెట్టు గొంతు నొక్కేసిందా? ఏమమ్మా, నీ లెక్కేమంటోంది?"

"ముప్పై రెట్లు అందాలి సార్," అంది అరుంధతి. సింహాచలం వైపు చూడకుండానే అంది.

ముప్పై రెట్లు అందుతుంటే మాట ఎలా పోతుంది? మాట్లాడేవాడే లేడన్నమాట. వరద వేళ నిద్రపోయాడంటూ మెమో ఇచ్చారు. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఊడుతుందని అందులోనే రాశారు. పాతికేళ్ళుగా ఒక్క గంట రీడింగు తప్పని మనిషి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ గేజి చూడ్డానికి వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరందరి మాటలూ మోసేదాన్ని, నా మాట ఒక్కటి చెప్పుకునే దారి లేదు. ఆ పైన పెద్దాయన ఇంకో హుకుం జారీ చేసి వెళ్ళారు, స్తంభాన్ని మరో ఇరవై అడుగులు పెంచమని. మనుషులకు ఏ జబ్బుకైనా ఒకటే మందు, ఇంకాస్త పైకెక్కడం. నిజం చెప్పొద్దూ, అది విని నేనూ మురిసిపోయాను.

అరుంధతి రిజిస్టరు అడిగి తీసుకుంది. నిద్రపోయిన గంటల్లో దొంగ అంకెలు వేశాడేమో పట్టుకుందామని. సింహాచలానికి ఒక అలవాటుంది. ప్రతి అంకె పక్కనా 'ఖాసిం పలికె' అనో 'పలకలేదు' అనో రాస్తాడు. ఎవరూ రాయమనలేదు, ఆయన తృప్తి ఆయనది. ఆమె వేలు ఆ పేజీల మీద కిందికి దిగుతూ ఒకచోట ఆగిపోయింది. ఎక్కేటప్పుడు ఏ అడుగు దగ్గర మాట పోయిందో, దిగేటప్పుడు సరిగ్గా ఆ అడుగు దగ్గరే తిరిగొచ్చింది. ఖాసిం పుస్తకం తెప్పించి చూసింది. గంటలు కలిశాయి. నిద్ర గడియారాన్ని బట్టి వస్తుంది గానీ గేజిని బట్టి రాదు కదా.

అప్పుడామె కొత్త కాగితం తీసి రెండు యాంటెన్నాలు గీసింది, వాటి కింద మొదటిసారిగా గోదావరిని గీసింది. పాత లెక్కలో మా మధ్య ఉన్నది ఖాళీ మాత్రమే. కానీ నేను పంపే మాట కొండకు రెండు దారుల్లో పోతుంది. ఒకటి నేరుగా, రెండోది నీళ్ళ మీద పడి, అద్దం మీద ఎండలా తుళ్ళి. వేసవిలో ఇసుక మీద పడింది చెల్లాచెదురైపోయేది. నిండు ఏరు మాత్రం దాన్ని చెక్కుచెదరకుండా పంపుతుంది. రెండూ ఖాసిం దగ్గర కలిసినప్పుడు ఒక అల లేస్తున్నప్పుడు రెండో అల పడుతుంటే, ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అది ఏ నీటిమట్టం దగ్గర జరుగుతుందన్నది నా ఎత్తును బట్టి ఉంటుంది. నా ఎత్తుకు అది సరిగ్గా లంక మునిగే మట్టమే. నేను గర్వపడిన ఎత్తే ఆ గేదెల్ని ముంచింది.

"దీన్ని కిందికి దించాలి సార్," అని ఆమె ఫోను చేస్తే పెద్దాయన నవ్వారట. యాంటెన్నాను దించిన ఇంజనీరును ఎక్కడా చూడలేదన్నారట.

స్తంభం పెంచడానికి ఇనుము ఇంకా రాకముందే, సెప్టెంబరులో రెండో వరద వచ్చింది. ఈసారి అరుంధతి గేజి గదిలోనే కూర్చుంది. మధ్యాహ్నం రెండింటికి ఇరవై ఏడు, మూడింటికి ఇరవై తొమ్మిది. ఖాసిం గొంతు పోయింది. ఆమె తన చెవులతో ఆ గరగర వింది.

"నాకు పై నుంచి అనుమతి లేదు సింహాచలం గారూ. తేడా వస్తే మీ ఉద్యోగమే కాదు, నాదీ పోతుంది."

"లంక పోద్ది కదండీ," అన్నాడాయన. అప్పటికే తాడు భుజాన వేసుకున్నాడు.

ఆ గాలిలో, ఆ వానలో, యాభై దాటిన మనిషి ఎనభై అడుగులు ఎక్కాడు. నా మరలు విప్పి తాడు కట్టాడు. దిగుతుంటే నాకు సిగ్గుగానే ఉంది. పది అడుగులు దించాక సెట్టులో ఏదో కదిలింది.

"భాయ్... సింహాచలం భాయ్! ఎక్కడికి పోయావయ్యా?"

"ముప్పై! ఖాసిం గారూ, ముప్పై అడుగులు! లాంచీలు పంపించండి!" అని అరుంధతే అరిచింది.

"ముప్పై. అందింది తల్లీ, అందింది."

అక్కడ ఆపలేదు. ఇక్కడే ఆపితే నీళ్ళు పది అడుగులు తగ్గినప్పుడు మళ్ళీ ఇదే గోల అంటూ, గది పిట్టగోడ దాకా దింపించి బిగించింది. భూమికి పదహారు అడుగులు. అక్కడి నుంచి నేను ముప్పై మూడు అడుగుల వరదను కూడా మోశాను. చీకటి పడకముందే లంక ఖాళీ అయింది, గేదెలతో సహా. ఖాసిం ఆ మాట చెప్పగానే సింహాచలం తడిసిన బట్టలతోనే గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. ఆమె పక్కనే కూర్చుంది.

తర్వాత ఆమె రాసిన ఉత్తరంలో రెండు వాక్యాలే ఉన్నాయి: 'తప్పు నా లెక్కది. మెమో రద్దు చేయగలరు.' చేశారు. సింహాచలం ఆ రద్దు కాగితం నకలును రిజిస్టరులో అంటించుకున్నాడు. నేను పద్నాలుగేళ్ళు ఆ పిట్టగోడ మీదే ఉన్నాను. ఎండాకాలంలో ఆయన భార్య నా మీద చొక్కాలు ఆరేసేది. అలవాటైపోయింది.

ఇప్పుడు గేజి తనంతట తానే ఉపగ్రహానికి చెబుతుందట. నన్ను పాత ఇనుము కింద వేలం వెయ్యబోతే అరుంధతి వచ్చి తీసుకెళ్ళింది. ఆమె ఇప్పుడు కొత్త ఇంజనీర్లకు శిక్షణ ఇస్తుంది. ఏటా మొదటిరోజున నన్ను బల్ల మీద పెట్టి, దూరం, బలం, కొలతలు బోర్డు మీద రాసి లెక్క కట్టమంటుంది. అందరూ ముప్పై రెట్లని తేలుస్తారు. అప్పుడు పాత మెమో చదివి వినిపిస్తుంది. "ఏమంటారు, ఈయన నిద్రపోయాడా?" ఇంతవరకు పదకొండు బ్యాచిలను చూశాను. మొదటి పదీ నిరభ్యంతరంగా సింహాచలాన్ని నిద్రపుచ్చాయి.

ఈ ఏటి బ్యాచిలో వెనక బెంచీ పిల్ల ఒకతి లేచింది.

"ఏం జరిగిందో ఆయన్ని ఎవరైనా అడిగారా మేడమ్?"

అరుంధతి చేతిలోని సుద్దముక్కను బల్ల మీద, నా పక్కన పెట్టింది.

"అడగక్కర్లేకుండా ఆయనే చెప్పాడమ్మా," అంది. "నేనే వినలేదు."