సొట్ట పడని రిమ్ము

పొద్దున్నే షట్టరెత్తగానే చక్రాలమ్మ చేసే మొదటి పని గోడ చూసుకోవడం. ఆ గోడకు వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక కొత్త సైకిలు రిమ్ము, ఒక్కో రిమ్ముకు దారంతో కట్టిన చీటీ, దాని మీద కొనబోయేవారి పేరు. ఆమె చేత్తో చీటీ కట్టిందంటే చాలు, ఆ మనిషి ఏడాది పొడుగునా రాళ్ళ మీద తినిపించబోయే దెబ్బలన్నీ రిమ్ము ముందే తినేస్తుంది. ఎవరూ కొట్టరు, ఎవరూ ముట్టరు. టంగుమని చప్పుడు, అంచున ఒక సొట్ట. మూడు రోజులాగితే రిమ్ము సంగతి తేలిపోతుంది. సొట్టలతో నిలబడితే కొంటారు, పగిలితే ఇంకోటి వేలాడదీయమంటారు. చీటీ విప్పగానే అది మళ్ళీ కొత్తదైపోతుంది. మిగతా కొట్లకు వెళ్ళేవాళ్ళు కంపెనీ మాట నమ్మి కొంటారు. ఇక్కడికొచ్చేవాళ్ళు రక్తపరీక్ష రిపోర్టు కోసం వచ్చినట్టు వచ్చి, "అక్కా, నాదేం చెప్పింది?" అని అడుగుతారు.

ఆమె చెల్లెలు బస్సు డ్రైవరు. వారమంతా బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టీ విసిగిపోయి, ఆదివారం సైకిలు మీద రాళ్ళకొండ దిగేటప్పుడు బ్రేకనేది ఒకటుందన్న సంగతే మరిచిపోతుంది. చెల్లెలి పేరు చీటీ మీద రాసిన రోజున పక్క కొట్టువాళ్ళు ముందుజాగ్రత్తగా చెవుల్లో దూది పెట్టుకునేవారు. గంట తిరక్కుండానే గిన్నెల కొట్లో పిల్లి దూరినంత మోత మోగేది. ఏటా రెండు రిమ్ములు కొక్కేనికి ఉండగానే పగిలేవి.

ఈసారి ఆదివారం పెద్ద పందెం. సోమవారం సాయంత్రం చెల్లెలు యూనిఫారంలోనే వచ్చింది.

"కార్బన్ రిమ్ము వెయ్యక్కా. గాల్లో తేలిపోతా."

"తేలడం దాకా బాగానే ఉంటుంది, దిగేటప్పుడే సంగతి. అల్యూమినియానికి సొట్ట పడితే తట్టి సరిచేస్తాను. కార్బన్ సొట్ట పడదు, ఒకేసారి పగులుతుంది. నీకు మందపాటి అల్యూమినియం, వెడల్పుది, ముప్పై రెండు పుల్లలది. నోరు మూసుకుని తీసుకో."

"సరే, రెండూ వేలాడదియ్. ఏది నిలబడితే అది."

పాత సైకిలు భుజానికెత్తుకుని గుమ్మం మెట్లు దిగుతూ చెల్లెలు మధ్యలో ఆగి దాన్ని దించేసింది. దవడ రుద్దుకుంటూ, "పాడు పన్ను, రెండు వారాలుగా చంపుతోంది" అని నవ్వింది. అక్క అప్పటికే చీటీలు రాసే పనిలో పడింది.

మంగళవారం చప్పుడు లేదు. బుధవారమూ లేదు. గురువారం పొద్దున చూస్తే రెండు రిమ్ములూ అద్దాల్లా మెరుస్తున్నాయి. రోజూ వచ్చే సర్వేయరు కళ్ళద్దాలు సవరించుకుని మరీ చూశాడు.

"అక్కా, తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. మొత్తానికి మీ చెల్లెల్ని తన్నే రిమ్ము పుట్టింది. నాకూ అదే మందపుది ఒకటి వేలాడదీయండి."

చక్రాలమ్మ మురిసిపోయింది. పదకొండేళ్ళుగా వెతికింది ఇన్నాళ్ళకు దొరికింది. మందపు రిమ్మును తుడిచి, ఊరికే ఒకసారి ముద్దు కూడా పెట్టుకుంది.

ఆ సంతోషంలో ఉండగానే దర్జీ భార్య వచ్చింది. చేతిలో పాత చీరలో చుట్టిన రిమ్ము. దర్జీ పోయి నాలుగేళ్ళు.

"ఇల్లు మారుతున్నాం, చక్రాలమ్మా. ఇది ఎవరికైనా పనికొస్తుందని తెచ్చాను. ఆయన ఒక్కరోజు కూడా తొక్కలేదు. పట్టుకెళ్ళిన మర్నాడే కదా, మెడలో టేపు ఉండగానే మిషను మీదకు ఒరిగిపోయారు." ఆవిడ రిమ్మును బల్ల మీద పెట్టి చేత్తో నిమిరింది. "మూడు రోజులు వేలాడితే గీత పడలేదు దీనికి. ఇంత గట్టి రిమ్ము నేనెక్కడా చూడలేదని నువ్వే అన్నావు, గుర్తుందా? ఆయన ఎంత పొంగిపోయారో."

చక్రాలమ్మకు గుర్తుంది. చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా గుర్తున్నారు. రాయికి తగలని రిమ్ముకు సొట్ట ఎలా పడుతుంది? తొక్కే మనిషే లేకపోతే అది రాయికెలా తగులుతుంది? ఇంత చిన్న లెక్క ఇన్నేళ్ళు తనకెలా తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు. దర్జీ భార్య ఎప్పుడు వెళ్ళిందో కూడా తెలియలేదు.

అటక మీది నుంచి పనికిమాలిన పల్చటి రిమ్ము ఒకటి దించింది. గట్టిగా నొక్కితే వంగే రకం. దానికి చెల్లెలి పేరు కట్టి కొక్కేనికి తగిలించి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. గంట గడిచింది. రెండు గడిచాయి. పక్కనున్న సర్వేయరు రిమ్ము టంగుమన్నప్పుడల్లా ఉలిక్కిపడింది. మధ్యాహ్నం దాటినా పల్చటిది కిమ్మనలేదు. "ఒక్కటి, ఒక్క సొట్టయినా పడవే తల్లీ" అని దాన్ని బతిమాలింది. ఆమె నోట ఆ మాట ఎన్నడూ వచ్చి ఎరగదు.

చెల్లెలు డ్యూటీ దిగి వచ్చేసరికి నాలుగైంది. గోడ మీద మూడు రిమ్ములూ చూసి ఈల వేసింది.

"అబ్బో, ఆ రేకుముక్క కూడా నిలబడిందే. నా స్వారీ బాగుపడిందన్నమాట."

అక్క దర్జీ రిమ్ము చూపించింది. ఎవరిదో, ఒక్కరోజు కూడా ఎందుకు తొక్కలేదో చెప్పింది. చెల్లెలి మొహంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. స్టూలు మీద కూలబడింది.

"కొండ మీద పడిపోతానంటావా?" అంది చివరికి.

"కొండ దాకా వెళితే కనీసం నాలుగు రాళ్ళైనా తగలాలిగా. నువ్వు వెళ్ళడం లేదు. నిజం చెప్పు, ఒంట్లో ఏంటి?"

చెల్లెలు నేల చూసింది. "పన్ను నొప్పన్నాను కదా. పళ్ళ డాక్టరు చూసి పళ్ళన్నీ భేషుగ్గా ఉన్నాయన్నాడు. మెట్లెక్కినా, బరువెత్తినా వస్తుంది. దవడ, ఈ భుజం. పందెం అయ్యాక చూపించుకుందామని..."

అక్క అంతవరకే విన్నది. షట్టరు దించడం కూడా మరిచి, ఒక చేత్తో చెల్లెలి రెక్క, ఇంకో చేత్తో మందపు రిమ్ము పట్టుకుని ఆటో ఎక్కింది.

ఆసుపత్రిలో ఎవరూ రిమ్మేమిటని అడగలేదు. ఛాతీ మీద తీగలు పెట్టి తీసిన కాగితం చూస్తూనే డాక్టరమ్మ కుర్చీ లోంచి లేచి, రంగుమందు ఎక్కించి నాళాల ఫొటో తీయించింది. గుండెకు రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం దాదాపు మూసుకుపోయిందట, వెంట్రుకవాసి మిగిలిందట. "రేపు బస్సు నడుపుతూ ఉండి ఉంటే..." అని ఆపి, ఆపరేషను గది సిద్ధం చేయమని కేకేసింది. బస్సు మాట చక్రాలమ్మకు తట్టనే లేదు.

వరండా బెంచీ మీద రిమ్మును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు చెల్లెల్ని అలాగే కూర్చోబెట్టుకునేది. అటూ ఇటూ తిరుగుతున్న నర్సు ఆగి చీటీ చదివింది.

"ఇంకా పడలేదా?"

"లేదమ్మా."

"చూద్దాం, ఇప్పుడే కదా లోపలికి తీసుకెళ్ళారు."

గోడ గడియారం ముల్లు కదులుతోందో లేదో తెలియడం లేదు. చక్రాలమ్మ బొటనవేలితో రిమ్ము అంచు మొత్తం తడిమింది. నున్నగా ఉంది. మళ్ళీ తడిమింది. నున్నగానే ఉంది.

అప్పుడు టంగుమంది.

మొదట ఎక్కడో పళ్ళెం పడిందనుకుంది. తరవాత వేలి కింద పల్లం తగిలింది. కందిగింజంత సొట్ట. చూస్తుండగానే పక్కన ఇంకోటి, పెద్దది. వరండాలో అందరూ తలలు తిప్పారు. నర్సు పరుగెత్తుకొచ్చి నించుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆరో సొట్ట దగ్గర ఆపరేషను గది తలుపు తెరుచుకుని డాక్టరమ్మ నోటి గుడ్డ దించి ఏదో చెప్పబోయింది. చప్పుడు విని, ఇక చెప్పేదేముందన్నట్టు నవ్వి వెళ్ళిపోయింది. చక్రాలమ్మ రిమ్ములో మొహం పెట్టుకుని భోరుమంది.

మర్నాడు చెల్లెలు కళ్ళు తెరిచి, గొంతు పెగుల్చుకుని అడిగిన మొదటి మాట, "ఎన్నక్కా?"

"పందెం పోయింది. మూడు నెలలు సైకిలెక్కొద్దంది డాక్టరమ్మ."

"అది కాదు. ఎన్ని?"

"పదిహేడు. చివర్లో ఒక పగులు."

"అబ్బా. చెత్త రిమ్మన్నమాట."

"చెత్తదే" అంది అక్క, సొట్టల మీద నుంచి చెయ్యి తియ్యకుండా. "లేచి రా, ఇంకా గట్టిది వెతుకుదాం."