కంచం ఘట్టం

వడ్డాది రోడ్డులో మోటార్లు రిపేరు చేసే దాసు సాక్ష్యానికి, అంటే ప్రభువు తనని మార్చిన కథకి, చోడవరం చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల్లో మంచి గిరాకీ. ఎక్కడ మందిరం వార్షికోత్సవం జరిగినా ముందు షామియానాకి చెబుతారు, తర్వాత దాసుకి చెబుతారు. మైకు లేకపోయినా చివరి వరసకు వినిపించే గొంతు. పైగా చెప్పుకోవడానికి కావలసినన్ని పాపాలు. అన్నీ పాతికేళ్ల కిందటివే అనుకోండి. పాపం ఎంత పాతదైతే చెప్పుకోవడానికి అంత హాయిగా ఉంటుంది మరి.

సారా కొట్టు పక్క కాలవలో పడుకోవడం, చెరకు బండి చక్రం చెవి పక్కనుంచి పోవడం, ఇవన్నీ అయ్యాక అసలైన కంచం ఘట్టం వచ్చేది. తాగొచ్చి, కూరలో ఉప్పు తక్కువైందని కంచం గోడకేసి కొట్టేవాడట. ఎలా కొట్టేవాడో పాటల పుస్తకం పట్టుకుని చూపించేవాడు. ముందు వరస ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకునేవారు.

"ఆ దినాలు పోయేయి ప్రియులారా! ప్రెభువు నన్ను ముట్టుకున్న కాణ్నించి మా ఇంట్లో కంచం ఎగర్లేదు. ఏమ్మా సన్యాసమ్మా, అవునా కాదా?" అని భార్య వైపు చెయ్యి చాచేవాడు. ఆవిడ లేచి "అవునండి" అని కూర్చునేది. ఇక చప్పట్లు, హల్లెలూయాలు. కె.కోటపాడులో జనం బాగా ఏడ్చారు. వడ్డాదిలో కాస్త తక్కువ ఏడ్చారు గాని, ఆ రోజు వాన పడబట్టే అలా జరిగిందని దాసు అభిప్రాయం.

దాసు తాగుడు మానేసిన మాట నిజం. మళ్లీ ఒక్క చుక్క ముట్టలేదు. కంచం మాత్రం మానలేదు. పూర్వం తాగి విసిరేవాడు, ఇప్పుడు ప్రార్థన చేసుకుని విసురుతున్నాడు. కంచం గోడకు తగలగానే ఫోనులో భక్తి పాటలు పెట్టి సౌండు పెంచుతాడు. దాసు గారింట్లో వేళాపాళా లేకుండా దైవచింతనేనని పక్కింటివాళ్లు మురిసిపోతారు. తాగి విసిరితే అది పాపం, తెలివిలో ఉండి విసిరితే ఇంటి యజమాని కోపం అని దాసు లెక్క. ఆ లెక్క ప్రకారం అతను చాలా ఏళ్లుగా పరిశుద్ధుడు.

ఓ ఆదివారం దాసుని సొంత సంఘంలో సంఘపెద్దగా నిలబెట్టడానికి ఏర్పాటైంది. సంఘపెద్ద అయితే రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గర పాస్టరు గారి పక్కన నిలబడొచ్చు, ఉజ్జీవ సభల పోస్టర్ల మీద ఫొటో వేస్తారు. దీనికోసం అతను ఎన్నాళ్లనుంచో కళ్లలో వత్తులేసుకుని చూస్తున్నాడు. ఇస్త్రీ పంచె కట్టి, దేవునికి కృతజ్ఞతలు చెప్పి, ఫలహారానికి కూర్చున్నాడు. ఉప్మాలో ఉప్పు లేదు. కంచం వెళ్లి గోడమీది వాక్యాల క్యాలెండరుకి తగిలింది.

"తొరగా తుడిసీయే, ఆలీసమైపోతాది" అన్నాడు, ఫోనులో పాట పెడుతూ. "పాస్టరయ్యగారు నిన్ను లెగమంటారు. ఏటి సెప్పాలో తెలుసు కదా?"

సన్యాసమ్మ గోడ తుడిచింది, ఉప్మా పడిన చీర మార్చుకుంది, అతని వెనకాల బయల్దేరింది.

మందిరంలో ముందుగా పాపపు ఒప్పుకోలు జరిగింది. అందరూ కళ్లు మూసుకుని, తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించమని వేడుకున్నారు. ఆ పాపాలేమిటో పేరుపెట్టి ఒక్కరూ అనలేదు. పాస్టరు దిలీప్ గారు పెట్టిన రూలు కూడా ఒకటుంది. పోయినేడు ఇద్దరు తోడికోడళ్లు ఒకరి పాపాలు ఒకరు ఒప్పేసుకుని జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. అప్పట్నుంచి ఎవరి పాపం వాళ్లే చెప్పుకోవాలి, పక్కవాళ్ల పాపం ఎత్తకూడదు. ఆ రూలు దాసుకి తెగ నచ్చింది.

"పెద్దగా ఉండేవాడు ముందు ఇంట్లో బాగుండాలి" అన్నారు దిలీప్ గారు. "అది ఇంటావిడ కంటే ఎవరికి తెలుస్తుంది? సన్యాసమ్మ గారూ, మీవారి గురించి ఒక్క మాట చెప్పండమ్మా."

దాసు వినయంగా తల దించుకున్నాడు. అవునండి అనగానే ఎత్తడానికి సిద్ధంగా ఉన్నాడు.

సన్యాసమ్మ లేచింది. "ఆయన పాపం నాను సెప్పకూడదండి. మీరే రూలెట్టేరు. నా పాపం సెప్పుకుంతాను. నాను అబద్దాలాడతన్నాను బాబూ. కంచం ఎగర్లేదు, అవునా కాదా అని ఈయనడిగినప్పుడల్లా అవునండి అన్నాను. కోటపాడులో అన్నాను, వడ్డాదిలో అన్నాను. ఇయ్యాల పొద్దున్న గోడమీద ఉప్మా తుడిసి, మళ్లీ అవునండి అందామనే వచ్చేను. ఇంక నావల్ల కాదు. దేవుడు నన్ను చమించాల."

కూర్చుంది. మూలనున్న ఓ ముసలాయన అలవాటుకొద్దీ "ఆమెన్" అని, అందరూ చూసేసరికి దగ్గాడు.

దాసు లేచి, "మనవందరం పాపులమే గదా ప్రియులారా" అన్నాడు. పాపంలో పదిమందిని కలుపుకుంటే బరువు తగ్గుతుందని అతని ఆశ.

"అందరి సంగతి తర్వాత చూద్దాం. మీ సంగతి చెప్పండి" అన్నారు దిలీప్ గారు.

చివరి వరసకు వినిపించే ఆ గొంతు ముందు వరసకు కూడా వినిపించలేదు. పెద్దల ఏర్పాటు వాయిదా వేసి పాట ఎత్తుకున్నారు. కాలవ ఘట్టానికి వెక్కివెక్కి ఏడ్చే సంఘస్తుడు సత్యారావు, బయట దాసు ఎదురుపడగానే స్కూటరు తాళం వెతుక్కోవడంలో పడ్డాడు. పాతికేళ్ల నాటి కంచానికి కొంగులు తడుపుకున్న వాళ్లెవరికీ పొద్దుటి కంచానికి కన్నీళ్లు రాలేదు.

ఇంటికి వచ్చేదాకా దాసు భార్యని మనసులో తిడుతూనే ఉన్నాడు. ఆవిడ అన్నం వడ్డించింది, ఆ సొట్టల కంచంలోనే. దాసు చెయ్యి కంచం అంచు మీదికి వెళ్లింది. ఎదురుగా క్యాలెండరు మీద నూనె మరక కనబడింది. ఇప్పుడు ఏ పాట పెట్టినా అదెందుకో మందిరంలో విన్న పక్కింటివాళ్లకి తెలిసిపోతుంది. సన్యాసమ్మ కదలకుండా అతన్నే చూస్తోంది. దాసుకి మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

"సన్యాసీ," అన్నాడు చెయ్యి వెనక్కి తీసుకుని, "ఆ దినాల్లో నేను..."

"ఆ దినాల్లో కాదు. పొద్దున్న."

దాసు గొంతు సవరించుకున్నాడు. "పొద్దున్న కంచం ఇసిరీసేను. తాగీసి కాదు, తెలివిలోనే. తప్పే."

"కోటపాడులో కూడా ఇలాగే సెప్తారా?"

దాసు అన్నం కెలికాడు. "అలా సెప్తే ఇంకెవలూ పిలవరే."

"పిలవకపోతే మానీమనండి. ఇంట్లోనే సెప్పండి, నాను వింతాను" అని సన్యాసమ్మ ఉప్పు డబ్బా తెచ్చి కంచం పక్కన పెట్టింది.